విశాఖ – అరకు – పాడేరు – లంబసింగి: రోడ్డు సైకిల్ మీద మూడు రోజుల ఘాట్ రూటు

కొత్తచైన్:
నమస్తే. డిసెంబర్ రెండో వారంలో ముగ్గురం హైదరాబాద్ నుంచి వస్తున్నం. మొదటి రోజు విశాఖ నుంచి ఎస్.కోట (శృంగవరపుకోట), అనంతగిరి మీదుగా అరకు. రెండో రోజు అరకు నుంచి పాడేరు, అదే సాయంత్రం మాడుగుల వైపు ఘాట్ దిగి చోడవరంల పడక. మూడో రోజు చోడవరం నుంచి నర్సీపట్నం పోయి, లంబసింగి ఎక్కి దిగి, రైలు పట్టుకునుడు. సైకిళ్లు మూడూ రోడ్డు బైకులే: ముందు పళ్లచక్రాలు 50/34 పళ్లవి, వెనకవి 11-28, టైర్లు 25 మి.మీ., రిమ్మును పట్టే రిమ్ బ్రేకులు. ఈ ప్లాన్ నడుస్తదా? ఎక్కడ మార్చాలె?

ఘాట్‌దారి:
ముందుగా రెండో రోజు సాయంత్రం పాడేరు ఘాట్ దిగడం తీసేయండి. ఈ కొండల్లో రూటు వేసుకునేవాళ్లంతా ఎక్కే ఘాట్ గురించే అడుగుతారు. చూసుకోవాల్సింది దిగే ఘాట్‌ని. ఎక్కలేకపోతే దిగి నడిపించుకుంటూ పోవచ్చు. దిగేటప్పుడు బ్రేకు పట్టకపోతే చేసేదేమీ ఉండదు.

మీరు తలపెట్టిన వాటిలో మూడు ఘాట్‌లు ఉన్నాయి, మూడింటి తీరూ వేరు. ఎస్.కోట దాటాక బొడ్డవర, శివలింగపురం, త్యాడ మీదుగా అనంతగిరికి పోయేది పొడుగు ఘాట్. మొత్తం మీద సగటు వాలు 4 శాతం లోపే. మధ్యమధ్య గట్టి ముక్కలున్నా కాళ్లకి ఊపిరి తీసుకునే చోట్లు దొరుకుతాయి. గాలికొండ దగ్గర రోడ్డు అరకు కంటే ఎత్తుకి వెళ్లి, మళ్లీ కిందికి దిగి లోయలోకి చేరుతుంది. అరకు సుమారు 910 మీటర్లు. బోర్డు మీద "అరకు 25" అని చూసి ఎక్కడం అయిపోయిందనుకోకండి.

పాడేరు ఘాట్, అంటే వంట్లమామిడి, గరికిబంద మీదుగా మాడుగుల వైపు దిగే రోడ్డు, ఇరుకు. మలుపులు దగ్గరదగ్గరగా ఉంటాయి. బస్సులూ జీపులూ ఆ మలుపుల్లోనే ఎదురవుతాయి. 2023 ఆగస్టులో బస్సు లోయలోకి పడింది ఈ ఘాట్‌లోనే. డిసెంబర్‌లో ఇక్కడ సూర్యాస్తమయం 5:30 లోపే, కొండ నీడ పడే వైపు అంతకు గంట ముందే చీకటి. రిమ్ బ్రేకులతో, రోజంతా తొక్కిన చేతులతో, ఆ వేళకి అక్కడ ఉండకూడదు.

మార్పు ఇదీ: రెండో రోజు అరకు నుంచి డుంబ్రిగూడ, హుకుంపేట మీదుగా పాడేరు సుమారు 45 కి.మీ. ఓపిక ఉంటే అక్కడి నుంచి జి.మాడుగుల, చింతపల్లి మీదుగా లంబసింగి ఇంకో 65 దాకా. మూడో రోజు పగటి వెలుగులో మూడో ఘాట్, అంటే లంబసింగి నుంచి నర్సీపట్నం, దిగండి. పైకి చేరాక రెండు రోజులూ కొండ మీదే ఉంటారు, దిగేది ఒక్కసారే. ఎక్కిన ఎత్తుని ఊరికే పారబోసుకోరు.

పానాపెట్టె:
రూటు సంగతి పై అన్న చెప్పారు. నేను గేర్ల సంగతి చెబుతా. ముందు 34, వెనక 28 పళ్లున్న 34-28 గేరు ఈ ఘాట్‌లకి చాలదు. లెక్క చూడండి. టైరు చుట్టుకొలత 2.1 మీటర్లు అనుకుంటే, నిమిషానికి 60 చుట్లు తొక్కినప్పుడు 34-28 మీద వేగం గంటకి 9.2 కి.మీ. మనిషి, సైకిల్, సామాను కలిపి 80 కిలోలైతే 8 శాతం వాలు మీద ఆ వేగానికి 170 వాట్లకి పైగా కావాలి. వెనక 34 పళ్ల కాగ్ (పళ్లచక్రం) వేస్తే అదే 60 చుట్లకి వేగం 7.6 అవుతుంది, దానికి సుమారు 145 వాట్లు చాలు. ఆ తేడా పది నిమిషాలకి తెలియదు, రెండు గంటలకి మోకాళ్ల దగ్గర తెలుస్తుంది. గేరు చాలనివాళ్లు 40 చుట్లకి పడిపోయి, నడుం ఊపుతూ తొక్కుతారు. మోకాలి చిప్ప కింద నొప్పి వచ్చేది అందుకే.

11-34 క్యాసెట్ (వెనక కాగ్‌ల గుత్తి) కొనేముందు డిరైలర్ (గేరు మార్చేటప్పుడు చైన్‌ని జరిపే భాగం) వెనక అచ్చు వేసిన నంబరు చూడండి. షిమానో 105 ఆర్7000లో పొట్టి కేజ్‌ది (కేజ్ అంటే చైన్‌ని పట్టుకునే కింది చట్రం) 30 పళ్ల దాకానే, పొడుగు కేజ్‌ది 34 దాకా. మోడల్ పేరొకటే, చివర ఉండే ఎస్ఎస్ (పొట్టిది), జీఎస్ (పొడుగుది) అక్షరాలే తేడా.

కొత్తచైన్:
చూసిన, రెండు సైకిళ్లకు జీఎస్ ఉన్నది, ఒకదానికి ఎస్ఎస్. పాత చైన్ అట్లనే ఉంచొచ్చా?

పానాపెట్టె:
ఉంచొద్దు. 28కి కోసిన చైన్ 34 మీద పొట్టిదవుతుంది. అలసటలో ఎవరైనా ముందు 50, వెనక 34 కాంబినేషన్‌లోకి లివర్ నొక్కితే డిరైలర్ ముందుకి గుంజుకుపోయి హ్యాంగర్ (డిరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే ముక్క) విరుగుతుంది. కొత్త చైన్‌ని డిరైలర్‌లోంచి పోనివ్వకుండా పెద్ద చైన్‌రింగ్ (ముందు పళ్లచక్రం) మీద, పెద్ద కాగ్ మీద చుట్టండి. రెండు కొసలూ బిగువుగా కలిసే చోటికి ఇంకో రెండు లింకులు కలిపి కోయండి. తర్వాత డిరైలర్ వెనక ఉండే బి-స్క్రూ బిగించి, కేజ్‌లోని పై జాకీ చక్రానికీ 34 కాగ్‌కీ మధ్య 5, 6 మి.మీ. సందు ఉంచండి. సందు లేకపోతే కరకరమని చప్పుడు వస్తుంది.

ఎస్ఎస్ ఉన్న సైకిల్‌కి 11-30 వేసి, ఆ సైకిల్ మీది సామానులో బరువైనది మిగతా ఇద్దరూ పంచుకోండి.

ఇంకోటి. మీరు హైదరాబాద్ నుంచి బస్సులోనో రైల్లోనో సైకిళ్లు తెస్తారు. పడుకోబెట్టిన సైకిల్ మీద ఇంకో మూట పడితే హ్యాంగర్ లోపలికి వంగుతుంది, కంటికి కనపడదు. చదునులో గేర్లు బాగానే పడతాయి. మొదటి నిటారు మలుపులో పెద్ద కాగ్‌లోకి మార్చగానే కేజ్ వెళ్లి చక్రం పుల్లలకి (స్పోకులకి) తగులుతుంది. విశాఖలో బిగించాక వెనక చక్రం పైకెత్తి తిప్పుతూ పెద్ద కాగ్‌లోకి మార్చండి. అక్కడ ఆగకుండా లివర్‌ని ఇంకా లోపలికి నొక్కి చూడండి. కేజ్ పుల్లల వైపు ఇంకొంచెం జరిగినా, డిరైలర్ అటు పోయే హద్దు పెట్టే ఎల్ స్క్రూ పావు చుట్టు బిగించాలి. వెనక నుంచి చూస్తే రెండు జాకీ చక్రాలూ కాగ్‌తో ఒకే గీతలో ఉండాలి. కింది చక్రం లోపలికి వాలితే హ్యాంగర్ వంగినట్టే. ముగ్గురి సైకిళ్లకీ ఎవరి హ్యాంగర్ వాళ్లది ఒకటి స్పేర్‌గా తెచ్చుకోండి. అది ఏ ఊళ్లోనూ అప్పటికప్పుడు దొరికే వస్తువు కాదు.

వలిసెపూలు:
రోడ్డు ఎలాగుంటాదో నేను సెప్తాను. ఇప్పుడిది 516ఇ జాతీయ రహదారి, రాజమహేంద్రవరం నుంచి పాడేరు, అరకు మీదుగా విజయనగరం దాకా. వెడల్పు చేసిన ముక్కలు నున్నగా ఉంటాయి. పని జరుగుతున్న చోట కల్వర్టు దగ్గర తారు తెగిపోయి, పక్కనుంచి కంకర దారి ఇస్తారు. ఆ కంకర తారు మీదకి పది, ఇరవై మీటర్ల దాకా చెదిరి వస్తాది. ఎక్కినప్పుడు ఇబ్బంది లేదు. దిగినప్పుడు మలుపులో దాని మీద ముందు బ్రేకు పట్టుకుంటే చక్రం పక్కకి జారిపోతాది. ఎర్రమట్టి తారు మీద కనిపించిందంటే ముందర కల్వర్టు ఉందని లెక్క.

నవంబరు, డిసెంబరుల్లో ఇంకోటుంది. పాడేరు, హుకుంపేట వైపు ఊళ్ల దగ్గర కోసిన చోళ్లు (రాగులు), సామలు రోడ్డు మీదే ఆరబెడతారు. సగం రోడ్డు ధాన్యం, దాని అంచున వరసగా రాళ్లు. బళ్లు తొక్కకండా పెట్టుకుంటారు పాపం. సాయంత్రం ధాన్యం ఎత్తేసినా కొన్ని రాళ్లు అక్కడే ఉండిపోతాయి. పిడికిలంత రాయి, బూడిద రంగు, తారులో కలిసిపోతాది. పొద్దుగూకే వేళ 25 మి.మీ. టైరు దాని మీద పడితే ట్యూబుకి రెండు చీలికలు, రిమ్ముకి సొట్ట. ఊరు రాగానే వేగం తగ్గించి మధ్యకి జరగండి. ధాన్యం మీంచి మాత్రం ఎప్పుడూ తొక్కకండి, అది వాళ్ల ఏడాది తిండి.

అరకు దగ్గర వలిసె పూల కాలం కూడా అదే. పసుపు చేలు కనిపించిన చోటల్లా కార్లు ఉన్నపళంగా ఆగుతాయి, తలుపులు రోడ్డు వైపుకే తెరుచుకుంటాయి. ఆగున్న కారుకి తలుపు వెడల్పంత దూరంగా పొండి.

ఎర్రలైటు:
దిశ విషయంలో నా మాట వేరు. నర్సీపట్నం నుంచి లంబసింగి ఎక్కి, పాడేరు, అరకు చూసుకుని అనంతగిరి దిగితే మేలు. అనంతగిరి ఘాట్ వెడల్పు, వాలు తక్కువ, మలుపులు తెరిచి ఉంటాయి. దిగే ఘాట్ చూసుకోమని మీరే అన్నారు, మరి అన్నిటికంటే సుళువుగా దిగేది అదే కదా.

ఘాట్‌దారి:
వాలు వరకు మీరు చెప్పింది సరే, డిస్క్ బ్రేకులతో వచ్చేవాళ్లకి మీ దిశ కూడా బాగుంటుంది. వీళ్లకి రెండు కారణాల చేత వద్దంటున్నాను. ఒకటి, అనంతగిరి ఘాట్‌లో డిసెంబర్ రద్దీ. పొద్దున పర్యాటకుల బళ్లన్నీ పైకి పోతాయి, సాయంత్రం అన్నీ కిందికి దిగుతాయి. మూడో రోజు మధ్యాహ్నం దాటాక దిగితే ఆ వరసలో ఇరుక్కుంటారు. ముందున్న కారు మలుపు మలుపుకీ ఆగుతుంటే బ్రేకు వదిలే సందు దొరకదు, రిమ్ములు కాలేది అప్పుడే. పొద్దున 6:30కి విశాఖలో బయలుదేరి ఎక్కితే ఆ బళ్లు మిమ్మల్ని దాటుకుపోతాయి, మీ వేగం మీదే ఉంటుంది.

రెండోది, మొదటి రోజు ఎవరికైనా ఒళ్లు బాగాలేకపోయినా, సైకిల్ పాడైనా ఆ దారికి దగ్గర్లో కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం ఉంది. ఎస్.కోట, బొర్రా గుహలు, అరకు, మూడింటికీ స్టేషన్లు ఉన్నాయి. లంబసింగి వైపు రైలు లేదు. సైకిల్, ఒళ్లు ఎలా ఉన్నాయో తేలే రోజు మొదటిదే కాబట్టి ఆ రోజు పట్టాల పక్కన ఉండటం మంచిది.

బొర్రా గురించి కూడా ఒక మాట. గుహలు 705 మీటర్ల ఎత్తున ఉన్నాయి, ప్రధాన రోడ్డు దానికి పైన. చూడటానికి దిగితే ఆ ఎత్తంతా తిరిగి ఎక్కాలి. 115 కి.మీ. తొక్కే రోజున దాన్ని కలపకండి.

ఎర్రలైటు:
సాయంత్రం రద్దీ సంగతి ఒప్పుకుంటాను. అయితే లంబసింగి దగ్గర కూడా డిసెంబర్ శని, ఆదివారాల్లో తెల్లవారుజామున మంచు చూసే జనం తక్కువేమీ కాదు. మూడో రోజు వారాంతం కాకుండా చూసుకోండి. పొగమంచులో దిగకండి, ఎండ వచ్చి రోడ్డు కనపడేదాకా, అంటే 8:30, 9 దాకా ఆగండి. తారు మీద మంచు తడి ఉంటే రిమ్ బ్రేకు పట్టడానికి చక్రం రెండు మూడు చుట్లు తిరగాలి, ఆ దూరం లెక్కలో ఉంచుకోండి. వెనక ఎర్రలైటు ఆరివెలిగేది కాకుండా నిలకడగా వెలిగేది పెట్టండి. పొగమంచులో ఆరివెలిగే లైటుని చూసి దూరం అంచనా కట్టడం వెనకొచ్చే డ్రైవర్‌కి కష్టం.

పానాపెట్టె:
బ్రేకుల మాట వచ్చింది కాబట్టి పూర్తిగా చెప్పుకుందాం. 85 కిలోల బరువు 900 మీటర్లు దిగితే సుమారు 7.5 లక్షల జౌళ్ల శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చవ్వాలి. వేగంగా పోతే అందులో పెద్ద వాటా గాలి తీసుకుంటుంది. భయపడి గంటకి 15 కి.మీ. మీద లాగిపట్టి దిగితే గాలి ఏమీ తీసుకోదు, దాదాపు అంతా రిమ్ముల్లోకే పోతుంది. అందుకే నెమ్మదిగా దిగేవాళ్ల రిమ్ములే ఎక్కువ కాలతాయి. తిన్నగా ఉన్నచోట వదిలేయండి, మలుపుకి ముందు రెండు బ్రేకులూ గట్టిగా పట్టి వేగం దించండి, మలుపులోకి దిగేసరికి చేతులు వదులుగా ఉండాలి. మధ్యలో రెండు మూడు చోట్ల ఆగి రిమ్ము దగ్గర వేలు పెట్టండి, తాకకముందే సెగ తగిలితే పది నిమిషాలు కూర్చోండి. నీళ్లు పోయొద్దు.

కార్బన్ రిమ్ములు ఉంటే ఈ ట్రిప్‌కి తీసి అల్యూమినియంవి వేసుకోండి. రిమ్ము లోపల పుల్లల రంధ్రాలని కప్పే రిమ్ టేపు కూడా చూడాలి. పాత రబ్బరు పట్టీ వేడికి మెత్తబడి పక్కకి జరుగుతుంది, ట్యూబు పుల్ల రంధ్రంలోకి ఉబ్బి చిరుగుతుంది. గుడ్డ టేపు వేయించండి, ఒక్కో చక్రానికి పది నిమిషాల పని.

పంక్చర్ పడితే ప్యాచ్ వేసేముందు రంధ్రం ఎక్కడుందో చూడండి. లోపలి వైపు, అంటే రిమ్ము వైపు ఉంటే టేపుది తప్పు. పక్కపక్కనే రెండు చీలికలుంటే గాలి తక్కువై రాయి కొట్టింది. బయటి వైపు ఒకటే సూది రంధ్రమైతే తుమ్మముల్లో, లారీ టైరు తీగో ఇంకా టైరులోనే ఉంది. లోపల గుడ్డతో తుడిచి చూడండి, ఒట్టి వేలితో వద్దు, తీగ కోస్తుంది. కారణం తెలుసుకోకుండా కొత్త ట్యూబు వేస్తే కిలోమీటరులో అదీ పోతుంది.

ఫ్రేములో చోటుంటే 28 మి.మీ. టైర్లు వేయండి. 70 కిలోల మనిషికి ముందు 65, వెనక 72 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి) దగ్గర మొదలుపెట్టండి. 100 కొట్టి తిరగడం ఈ రోడ్ల మీద చేతులకి శిక్ష.

చోడిఅంబలి:
తిండి, నీళ్లు. ఎస్.కోటలో కడుపు నిండా టిఫిన్ చేయండి, ఇడ్లీ, ఉప్మా లాంటివి. పూరీ వద్దు, నూనె ఘాట్‌లో పైకి తన్నుతుంది. ఎక్కేటప్పుడు గంటకి 50, 60 గ్రాముల పిండిపదార్థం అందాలి: రెండు మధ్యరకం అరటిపళ్లు, లేదా ఒక అరటిపండు, రెండు ఖర్జూరాలు, చిన్న బెల్లం ముక్క. పల్లీ చిక్కీ మంచిదే కానీ కొవ్వు ఎక్కువ, మెల్లగా అరుగుతుంది, అది చదును దారిలో తినండి. మాడుగుల హల్వా కూడా అంతే, నెయ్యి బరువు. అది తొక్కడం అయిపోయాక తినే వస్తువు.

ఒక్కొక్కరికి 750 మి.లీ. సీసాలు రెండు. ఒకటి మంచినీళ్లు, ఒకటి ఓఆర్‌ఎస్. లీటరు ప్యాకెట్‌ని లీటరు నీళ్లలోనే కలపాలి. తీపి తక్కువైందని సగం నీళ్లలో కలిపితే దాహం తీరదు, కడుపు పాడవుతుంది. చలిగా ఉంది కదా అని తాగడం మానేస్తారు, పిక్కలు పట్టేసేది అలాంటప్పుడే. పావుగంటకో రెండు గుక్కలు లెక్కపెట్టుకుని తాగండి. గెడ్డ (వాగు) నీళ్లు ఎంత తేటగా కనిపించినా సీసాలో నింపకండి.

రెండో రోజు పాడేరు దాటాక దుకాణాలు పల్చబడతాయి. జి.మాడుగులలో, చింతపల్లిలో దొరుకుతుంది, మధ్యలో నమ్ముకోవద్దు. అంబలి దొరికితే ఉప్పు వేయించుకుని తాగండి, ఒంటికి అంత బాగా పట్టేది ఇంకోటి లేదు.

వలిసెపూలు:
దోమల మాట ఎవులూ రాయలేదు. మన్యంలో మలేరియా ఉంది, చలికాలంలో కూడా. సాయంత్రం నుంచి నిండు చేతుల చొక్కా, దోమల క్రీము, గదిలో దోమతెర. ఇంటికెళ్లిన రెండు మూడు వారాల్లో జ్వరమొస్తే అలసట అనుకోకండి. మన్యం వెళ్లొచ్చామని డాక్టరుకి చెప్పి అదే రోజు రక్తపరీక్ష చేయించుకోండి.

గంజాయి తనిఖీ చెక్‌పోస్టులు నర్సీపట్నం వైపు ఉంటాయి. ఆధార్ పైనే పెట్టుకోండి, సంచి తెరవమంటే తెరవండి. దారిలో ఎవరైనా "ఇది కింద ఇచ్చేయండి" అని పొట్లం ఇస్తే తీసుకోకండి, ఎంత మంచిగా అడిగినా.

ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, మ్యాపు ముందే దించుకోండి. హైదరాబాద్ వాళ్లకి ఒక జాగ్రత్త: వెతికినప్పుడు వికారాబాద్ అనంతగిరి ముందు వస్తాది. ఆ రూటు ఫైలు దించుకుని వాలు చూసి ఇంతేనా అనుకోకండి. అది వేరే కొండ, దీంతో పోలిక లేదు.

నీలిసైకిల్:
తిరుగు ప్రయాణం గురించి. నర్సీపట్నం నుంచి విశాఖకి 85 కి.మీ. పైనే, అందులో ఎక్కువ భాగం చెన్నై–కోల్‌కతా హైవే మీద లారీల పక్కన. దాని బదులు నర్సీపట్నం రోడ్ స్టేషన్‌కి దిగొచ్చు, తుని, ఎలమంచిలి మధ్యలో ఉంటుంది. పేరు చూసి ఊళ్లోనే ఉందనుకోకండి, ఊరికి సుమారు 30 కి.మీ. అన్ని రైళ్లూ ఆగవు, ఆగేవి కూడా నిమిషం, రెండు నిమిషాలే. సైకిల్‌ని బ్రేక్ వ్యాన్‌లో (సామాను పెట్టెలో) ఎక్కించే టైము దొరకదు, కాబట్టి పార్శిల్ చేయాలంటే తునికో విశాఖకో వెళ్లాలి. బుక్ చేసేటప్పుడు పెడల్స్ విప్పి సంచిలో వేసుకోండి, ఎడమ పెడల్ సవ్యదిశలో తిప్పితే వదులవుతుంది. హ్యాండిల్ పక్కకి తిప్పి కట్టేయండి, డిరైలర్ ఉన్న వైపు థర్మాకోల్ చుట్టి "ఈ వైపు పైకి" అని రాయండి. టైర్లలో గాలి సగానికి తగ్గించండి.

ఇంకో మాట. మీరు దిగబోయే లంబసింగి దారికి చరిత్ర ఉంది. నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేసేటప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం వాళ్ల చేత సరిగా కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. అల్లూరి సీతారామరాజు పోరాటానికి దారితీసిన కారణాల్లో అదొకటి. 1922 ఆగస్టు 22న మొదట దాడి జరిగిన పోలీస్ స్టేషన్ చింతపల్లిదే. చింతపల్లిలో ఒక పది నిమిషాలు ఆగండి.

కొత్తచైన్:
అందరికీ ధన్యవాదాలు. మార్చిన ప్లాన్: సోమవారం విశాఖ–అరకు. మంగళవారం అరకు–పాడేరు–లంబసింగి, 110 కి.మీ. బుధవారం 9 దాటినంక దిగి నర్సీపట్నం, అక్కడి నుంచి తునికి. రెండు సైకిళ్లకు 11-34, కొత్త చైన్లు, మూడో దానికి 11-30. 28 మి.మీ. టైరు ఒక ఫ్రేములనే పడుతున్నది, మిగతా రెండింటికి బ్రేకు కింద తాకుతున్నది. గుడ్డ టేపు, హ్యాంగర్లు, చలికి గాలి ఆపే జాకెట్లు పెట్టుకున్నం. ఇంక ఏమన్న మిగిలిందా?

పానాపెట్టె:
ఆ రెండు సైకిళ్లకి 25 మి.మీ. టైర్లే ఉంచి ముందు 75, వెనక 82 దగ్గర చూడండి. బ్రేకు కింద రాసుకునే టైరుని బలవంతాన ఎక్కించొద్దు, ఎర్రమట్టి అంటుకోగానే చక్రం పట్టేస్తుంది. ఒక జత బ్రేకు ప్యాడ్లు అదనంగా పెట్టుకోండి. గాట్లు అరిగిపోయి నున్నగా కనిపించిన ప్యాడ్లతో మూడో రోజు దిగొద్దు. మంగళవారం రాత్రి పడుకునే ముందే మార్చి, కేబుల్ బిగువు చూసుకోండి. ప్యాడ్లలో ఇరుక్కున్న అల్యూమినియం ముక్కల్ని సూదితో తీసేయండి, అవే రిమ్ముని గీస్తాయి.

ఘాట్‌దారి:
మంగళవారానికి ఒక గడువు పెట్టుకోండి. పాడేరు 11:30 లోపు చేరితేనే లంబసింగికి కదలండి. పాడేరు తర్వాత 65 కి.మీ.లో చదును దాదాపు లేదు, ఎక్కుతూ దిగుతూనే ఉంటుంది, ఆగిన టైముతో కలిపి ఐదు గంటలు పడుతుంది. 11:30 దాటితే పాడేరులోనే గది తీసుకుని, బుధవారం లంబసింగి దాకానే వెళ్లి, గురువారం దిగండి. తుని నుంచి రైలు టికెట్ గురువారం రాత్రికి తీసుకోండి.

కొత్తచైన్:
టికెట్ గురువారానికే మార్చిన అన్నా. పాడేరుల, లంబసింగిల రెండు చోట్లా గదులు మాట్లాడి పెడుతున్నం.